తిరుపతి, చిత్తూరు బార్లకు మార్కులు వెయ్యాలంటే: మందుకు కాదు, బార్‌కు వెయ్యండి

తమ్ముడూ, రేణిగుంట దగ్గర కంపెనీలో కొత్తగా చేరినావు, రూములో నలుగురుంటారు, నెలకొక బార్‌కు పోయి మార్కులు వేసి మీకంటూ ఒక లిస్టు తయారు చేసుకోవాలని ఉంది. ఏం చూడాలి, మార్కులు ఎట్లా వెయ్యాలి, తిరుపతితో మొదలుపెట్టాలా చిత్తూరుతోనా, ఇదే కదా నీ ప్రశ్న. మా గ్యాంగు ఈ పని చాలా ఏళ్ళుగా చేస్తా ఉంది. పెళ్ళిళ్ళయినాయి, షుగర్లొచ్చినాయి, ఒకడు పూర్తిగా మానేసినాడు కూడా. అయినా తిరగడం ఆపలేదు. అందుకే కాస్త వివరంగా చెప్తా.

బార్ల పేర్లు మాత్రం నన్నడగొద్దు. పేర్లు చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు, కానీ ఆ లిస్టులు నిలబడవు. లైసెన్సు చేతులు మారుతుంది, వంటమాస్టరు పక్క బార్‌కు పోతాడు, బోర్డు మాత్రం అట్లే ఉంటుంది. పోయినేడాది మాకు బాగా నచ్చిన చోట ఈ ఏడాది కబాబ్ కొరికితే రబ్బరు. పేరు నమ్ముకుని పోయినవాడికి దక్కేది అదే. ఎట్లా చూడాలో తెలిస్తే నువ్వు యాడికి పోయినా పదిహేను నిమిషాల్లో తేల్చేస్తావు.

ఇంకోటి, బెంగళూరులో చూసొచ్చిన పబ్బుల్ని మనసులో పెట్టుకుని ఇక్కడ వెతకొద్దు. కొళాయి తిప్పితే వచ్చే బీరు, డీజే, అరవై రకాల కాక్‌టెయిళ్ళు ఇక్కడ లెక్కలోకి రావు. మన ఊళ్ళో ఉండేవి బార్ అండ్ రెస్టారెంట్లు: కింద నాన్ ఏసీ హాలు, పైన ఏసీ హాలు, కొన్నింట్లో వెనక రేకుల షెడ్డో చెట్లకింద నాలుగు టేబుళ్ళో. పెద్ద హోటళ్ళలో లాంజ్ బార్లు ఉంటాయి. బ్రాందీ షాపుల పక్కన పర్మిట్ రూములు, అంటే షాపులో కొన్న సీసా ఆడనే కూర్చుని తాగే గదులు, 2025లో మళ్ళీ మొదలైనాయి. ఈ మూడింటినీ ఒకే లిస్టులో కలిపితే లిస్టు చెడిపోతుంది. పర్మిట్ రూములో ఏసీ లేదని మార్కులు తగ్గించడం, లాంజ్ బార్‌లో రేటెక్కువ అని తిట్టడం, రెండూ దండగ. మా లిస్టు మటుకు మామూలు బార్ అండ్ రెస్టారెంట్లదే, అందులోనూ నాన్ ఏసీ హాలుకే. వంటిల్లు రెండు హాళ్ళకూ ఒకటే అయినప్పుడు, ఏసీ హాల్లో అద్దాలకూ సోఫాలకూ మురిసి మార్కులు వేస్తాం తప్ప బార్‌కు వెయ్యం. రోజూ వచ్చే మనుషులు కూర్చునేది కిందనే.

ఇప్పుడు అసలు సంగతి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా మందుకు మార్కులు వేస్తారు. ‘ఆడ విస్కీ స్మూత్‌గా ఉంది, ఈడ గొంతు మండింది’ అంటారు. ఆంధ్రలో ఏ బార్‌కైనా సరుకు వచ్చేది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే. తిరుపతి కొర్లగుంటలో తాగినా, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో తాగినా అదే బ్రాండు అదే సీసా. బార్‌వాడి చేతిలో లేనిదానికి వాడికెందుకు మార్కులు? 2019 అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వం చేతిలో ఉన్న ఐదేళ్ళూ గుర్తుంటాయి కదా, ఎవరూ వినని బ్రాండ్లు వచ్చినాయి. ఆ రోజుల్లో జనం నెట్‌లో రాసిన రివ్యూలు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. ఊళ్ళో ఉండే బార్లన్నింటికీ ఒకటీ రెండు స్టార్లే. అది బార్ మీద కోపం కాదు, సీసా మీద కోపం. 2024 అక్టోబరు 16 నుంచి షాపులు మళ్ళీ ప్రైవేటువాళ్ళకొచ్చినాయి, పాత బ్రాండ్లు తిరిగొచ్చినాయి, తొంభై తొమ్మిది రూపాయల క్వార్టరు (180 ఎంఎల్ సీసా) వచ్చింది. అవే బార్లకు స్టార్లు పెరిగినాయి. బార్‌లో మాత్రం ఏమీ మారలేదు, అదే మురికి గ్లాసు!

కాబట్టి బార్‌వాడి చేతిలో ఉండేవి చూడాలి. మొదటిది సీలు. సీసా టేబుల్ దగ్గరికి వచ్చి, నీ కళ్ళముందు మూత తిరగాలి. దీనికి మార్కులుండవు. ఉంటే ఉన్నట్టు, లేకుంటే ఆ బార్ లిస్టులోనే ఉండదు. 2025 అక్టోబరులో మన పాత చిత్తూరు జిల్లాలోనే ఉండిన ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక దీని విలువ జనానికి తెలిసింది. ఆ తర్వాతనే ఎక్సైజ్‌వాళ్ళు సురక్ష యాప్ తెచ్చినారు. మూత దగ్గరుండే లేబుల్ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ సీసా వివరాలొస్తాయి. ‘అన్నా, ఒక్క నిముషం, స్కాన్ చేసుకుంటా’ అని నవ్వుతూ అడుగు. మంచి బార్‌లో వెయిటరే సీసా తిప్పి లేబుల్ చూపిస్తాడు. మొహం చిట్లించినాడంటే బిల్లు కట్టి లెయ్యండి, వాదన పెట్టుకోవద్దు.

రెండోది కొలత. బార్‌లో పెగ్గు చెప్తే స్మాల్ ముప్పై, లార్జ్ అరవై ఎంఎల్. ఆ కొలగిన్నె కౌంటర్ దగ్గర ఉంటుంది, మనకు కనపడదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కొలత వాడాలని రూలు, కానీ కౌంటర్‌లోకి తొంగిచూసి ముద్ర వెతికే పని మనది కాదు. మేం చేసేది వేరే. మొదట ఒక సీలు క్వార్టరు తెప్పిస్తాం. అందులో ఉండేది నూట ఎనభై, అంటే సరిగ్గా మూడు లార్జులు. వాళ్ళిచ్చిన ఒకే రకం గ్లాసులు మూడింట్లో సమంగా పోసి, అరవై ఎంఎల్ ఎంత ఎత్తుకు వస్తుందో చూసుకుంటాం. గ్లాసు మీద ఏదో ఒక గీతో పువ్వో ఉంటుంది కదా, దానికి గురుతు. తర్వాత ఒక లార్జ్ పెగ్గు విడిగా చెప్పి, ‘సోడా నేను పోసుకుంటాలే’ అంటే చాలు. నీ గురుతుకు వేలెడు తక్కువొస్తే ఆ బార్ సంగతి నీకు తెలిసిపోయినట్టే. కొన్నిచోట్ల పెగ్గుతోపాటే ఐసు వేసి తెస్తారు. ఐసు వేస్తే ఎత్తు తెలీదు, అందుకే వేస్తారేమో అని నాకు అనుమానం. ఐసు వేరే గిన్నెలో తెమ్మను.

ఐసు మాటొచ్చింది కాబట్టి అదీ చూడు. చిన్న ముక్కలు, గిన్నె, పట్టుకారు ఉంటే సరే. ఫ్యాక్టరీ నుంచి గోనెపట్టాలో వచ్చే దిమ్మను సుత్తితో కొట్టి గ్లాసులో వేసేచోట నేను ఐసే వాడను. అది చేపలకోసం చేసే ఐసు, తాగేనీళ్ళతో చెయ్యరు. సోడా సీసా కూడా నీ ముందే బుస్సుమనాలి. మూత ముందే తీసి తెచ్చిన సోడా సగం సోడానే.

బీరు తాగేవాళ్ళయితే సీసా చల్లగా ఉందా లేదా అన్నదాంతో ఆగొద్దు, అది అందరూ చూస్తారు. లేబుల్ మీద తేదీ చూడు. మామూలు లాగర్ బీరు ఎంత తాజాగా ఉంటే అంత రుచి, ఆర్నెల్లు దాటినదాంట్లో తడిసిన అట్టపెట్టె వాసన మొదలవుతుంది. సరుకు బాగా అమ్ముడుపోయే బార్‌లో నెలా రెండు నెలల లోపు తేదీలే కనపడతాయి. అంటే ఆ చిన్న తేదీ చూస్తే ఆ బార్ వ్యాపారం ఎట్లా ఉందో కూడా తెలిసిపోతుంది. ఇంకోటి, బీరు కేసులు ఎండ తగిలేచోట పెట్టి ఉన్నాయేమో బయటి నుంచే చూడు. వెలుతురు తగిలితే బీరులో చేదుకోసం వేసే హాప్స్ పూల సారం చెడి ఒకరకం కంపు వస్తుంది. గోధుమరంగు సీసా కొంత కాపాడుతుంది, ఆకుపచ్చ సీసా పెద్దగా కాపాడదు. మన రాయలసీమ ఎండకు ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడింటికి మెట్లకింద పేర్చిన కేసు సంగతి చెప్పేదేముంది. కొంతమంది హడావుడిగా ఫ్రీజర్‌లో పెట్టి తీస్తారు, నోట్లో పోసుకుంటే మంచుముక్కలు తగుల్తాయి. దానికి సగం మార్కులే.

ఇంక స్టఫ్, అంటే మందుతోపాటు నంజుకునే తిండి. మార్కుల్లో సగం దీనికే. కాదన్నవాడు మా టేబుల్‌కు రానక్కర్లేదు.

ఫ్రీగా పెట్టేదాంతోనే బార్ గుణం బయటపడుతుంది. కూర్చోగానే ఒక గిన్నెలో ఏదో ఒకటి వస్తుంది: ఉప్పుశెనగలు, కారం బొరుగులు, కీరా ముక్కలు, ఉడకబెట్టిన చెనక్కాయలు. చెనక్కాయ పండే జిల్లాలో ఉంటా ప్యాకెట్ చిప్స్ పోసి పెట్టేవాడి మీద నాకు మొదట్నించీ గౌరవం తక్కువ. పచ్చి చెనక్కాయలు వచ్చే కాలంలో తొక్కతోనే ఉప్పేసి ఉడికించి, వేడిమీదే తెచ్చిపెట్టే బార్‌లు ఇప్పటికీ ఉన్నాయి. తొక్క నొక్కితే ఉప్పునీళ్ళు చిమ్మాలి. చిమ్మకుండా లోపల గింజకు జిగురుగా ఉంటే అది నిన్నటిది.

చిత్తూరులో ఒక నాన్ ఏసీ హాలుంది, యాడుందో చెప్పను. వేసవిలో ఆ బార్ మాస్టరు తోతాపురి మామిడికాయల బుట్ట కౌంటర్ పక్కనే పెట్టుకుంటాడు. పూర్తిగా పచ్చి కాదు, పండూ కాదు, కొనదగ్గర కాస్త పసుపు తిరిగిన కాయ. ఆర్డర్ రాగానే కాయను తొక్కతోనే చెక్కలుగా, మూడువంతుల లోతు దాకానే కోసి, విడిపోకుండా వదిలేస్తాడు. ఆ కోతల మధ్య ఉప్పూకారం దూరేలా చేతివేళ్ళతో అదుముతాడు. కారంలో వేయించిన జీలకర్ర పొడి కొంచెం కలుపుతాడు. దాన్ని విరుచుకుని తినాల్సిందే. రేటు అడిగితే ‘కాయకే తీసుకుంటాం సార్, కోసినందుకు కాదు’ అంటాడు. మా లిస్టులో ఆ బార్ స్టఫ్ మార్కులు దాటినవాడు ఇంతవరకూ లేడు. మిగతా వంటలు మామూలే, అది వేరే విషయం.

డబ్బులిచ్చి చెప్పేవాటిలో అన్నిచోట్లా ఒకే మూడు ఐటమ్స్ చెప్పండి, అప్పుడే పోల్చడానికి వీలవుతుంది. మేం చెప్పేవి: డబుల్ ఆమ్లెట్, చికెన్ కబాబ్, చెనక్కాయల మసాలా. ఖరీదైనవి చెప్పి బార్‌ను పరీక్షించడం అనవసరం. ఆమ్లెట్‌లో ఉల్లిపాయ సన్నగా తరిగినాడా, పెనం వేడెక్కకముందే పోసినాడా అన్నది ఒక్క ముక్కతో తెలుస్తుంది. కబాబ్‌కు పైన ఎర్రరంగు తప్ప మసాలా లేకుంటే, పిండి కోటు విడిపోయి వస్తా ఉంటే, ఒకసారి వేయించి పెట్టిందాన్ని మళ్ళీ నూనెలో ముంచినాడని అర్థం. ఎముక దగ్గర మాంసం ఎండిపోయి నూలులా ఉంటే ఖాయం. నూనె వాసన అన్నింటికంటే ముందు వచ్చే సాక్షి. హాల్లోకి అడుగుపెట్టగానే ముక్కుకు చేదుగా తగిలితే ఆ రోజు ఉడకబెట్టినవి చెప్పుకో, వేయించినవి వద్దు. చెనక్కాయల మసాలాకు ఉల్లిపాయ అప్పుడు తరిగిందా, సాయంత్రం నుంచి డబ్బాలో ఉందా అన్నదే పరీక్ష. పాతదైతే నీళ్ళు విడిచి అడుగున ఎర్రగా నిలబడుతుంది.

ఇదంతా అయ్యాక ఆకలేస్తుంది. తిరుపతిలో చాలా బార్లలో అప్పటికి దొరికేది ఫ్రైడ్‌రైసే. రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టే బార్ దొరికితే వదలొద్దు. మేం దానికి బోనస్ మార్కులిస్తాం.

బిల్లు దగ్గర మొహమాటపడొద్దు. బార్‌లో సీసా షాపు రేటుకు రాదు, అది న్యాయమే. కూర్చునే చోటు, కరెంటు, మనిషి ఖర్చు ఉంటాయి. కానీ ఎంత ఎక్కువన్నది మెనూలో రాసి ఉండాలి. రేట్లు లేని మెనూ ఇచ్చి బిల్లులో చెప్పే బార్‌కు సున్నా. మందు జీఎస్టీ కిందికి రాదు. బిల్లు మొత్తం మీద జీఎస్టీ వేసి ఇచ్చినాడంటే అది తప్పు బిల్లు, తిండి వరకే వెయ్యాలి. మామూలు రెస్టారెంట్ తిండికి ఐదు శాతం. సర్వీస్ ఛార్జ్ అని ఒక లైను కనపడితే తీసెయ్యమని అడగొచ్చు. దాన్ని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. టిప్పు వెయిటర్ చేతికే ఇవ్వు. చీటీ మీద పెన్నుతో మొత్తం రాసిచ్చేచోట అడిగి ప్రింట్ బిల్లు తీసుకో. ‘మిషన్ పనిచెయ్యలేదు సార్’ అని ఒకసారంటే నమ్ముతాం, రెండోసారి పోయినప్పుడూ అదే మాటంటే మార్కుల్లో చూపిస్తాం.

బాత్రూమ్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్ళు, గొళ్ళెం, బల్బు. మూడూ ఉంటే పూర్తి మార్కులు, అంతకంటే ఆశపడితే నీదే తప్పు. మీతో అమ్మాయిలు వచ్చేట్టుంటే మాత్రం మొదటే అదొకటి కనుక్కో. ఫ్యామిలీ హాలని బోర్డు పెట్టి, బాత్రూమ్ మాత్రం నాన్ ఏసీ హాలు దాటుకుని వెనక్కు పోయేచోట పెట్టిన బార్లు ఉన్నాయి.

వెయిటర్ల విషయంలో మా పద్ధతి ఒకటే: రెండోసారి పోయినప్పుడు గుర్తుపట్టినాడా? గుర్తుపట్టి ‘అన్నా, మీకు సోడా ఎక్కువ కదా’ అన్నాడంటే ఆ బార్‌లో మనిషి నిలకడగా పనిచేస్తా ఉన్నాడని, యజమాని జీతం సరిగ్గా ఇస్తా ఉన్నాడని అర్థం. నెలనెలా కొత్త మొహాలు కనపడే బార్‌లో వంట కూడా నిలకడగా ఉండదు. చిత్తూరులో వెయిటర్లు తెలుగూ తమిళమూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడతారు. తమిళనాడు వేలూరు దగ్గరే కాబట్టి కస్టమర్లలో అటువాళ్ళూ ఉంటారు. పక్క టేబుల్ మాటలు నీకు అర్థం కాకపోతే కంగారుపడొద్దు.

మార్కులు ఎట్లా వెయ్యాలన్నావు. మేం పదికి వేస్తాం: స్టఫ్‌కు ఐదు, కొలతకూ చల్లదనానికీ కలిపి రెండు, బిల్లుకు రెండు, మిగతావన్నీ కలిపి ఒకటి. సంగీతం, లైట్లు, గోడల మీద బొమ్మలు లెక్కలేదు. బిల్లు మార్కు తప్ప మిగతా మార్కులు రెండో పెగ్గు గ్లాసులో పడకముందే ఎవరి ఫోన్‌లో వాళ్ళు రాసుకోవాలి, గట్టిగా చెప్పకూడదు. గట్టిగా చెప్తే మొదట మాట్లాడినవాడి మార్కే అందరిదీ అవుతుంది. మాలో ఒకడు ఎప్పుడూ మొదలుపెడతాడు, ‘మచ్చా, ఇది తొమ్మిది రా’ అని. ఇంక మిగతావాళ్ళం ఎనిమిదికి కిందికి పోలేం. మూడో రౌండ్ అయ్యాక మార్కులు వెయ్యడమంటే పెళ్ళిభోజనం తిన్నవాణ్ణి పెళ్ళికొడుకు ఎట్లా ఉన్నాడని అడిగినట్టు. సగటు తియ్యొద్దు. నలుగురిలో అతి తక్కువ వేసినవాడి మార్కే బార్ మార్కు. ఎందుకంటే మళ్ళీ పోదామన్నప్పుడు అడ్డుపడేది వాడే. ఒకసారికే లిస్టులో ఎక్కించొద్దు, ఇంకోసారి పొయ్యాకే.

మానేసినోడు ఒకడున్నాడన్నా కదా, వాడి మార్కే మా లిస్టులో గట్టి మార్కు. వాడు నిమ్మకాయ సోడా తాగుతా తిండి తింటాడు, బిల్లు లెక్కచూస్తాడు, బండి నడుపుతాడు. మీ నలుగురిలో తాగనివాడు ఉంటే వాణ్ణి బతిమాలైనా తీసుకుపోండి, వాడి బిల్లు మీరు పంచుకోండి.

బండి మాట తేలిగ్గా తీసుకోవద్దు. ‘బీరే కదా’ అని అందరూ అంటారు. లెక్క చూడు. స్ట్రాంగ్ బీరు ఎనిమిది శాతం దాకా ఉంటుంది. 650 ఎంఎల్ సీసాలో ఆల్కహాల్ 52 ఎంఎల్. విస్కీ, బ్రాందీ 42.8 శాతం, లార్జ్ పెగ్గులో ఉండేది 26 ఎంఎల్ కంటే తక్కువ. అంటే ఒక స్ట్రాంగ్ బీరు రెండు లార్జులతో సమానం. అది ఒంట్లోనుంచి పూర్తిగా దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మజ్జిగ తాగినా నిమ్మకాయ నాకినా తొందరపడదు. చట్టం ఒప్పుకునేది వంద ఎంఎల్ రక్తానికి ముప్పై మిల్లీగ్రాములు. డెబ్భై కిలోల మనిషి ఆ గీత దాటడానికి ఒక్క స్ట్రాంగ్ బీరు చాలు. మొదటిసారి దొరికితే పదివేల దాకా ఫైన్, ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. రేణిగుంట రోడ్డులో రాత్రిపూట లారీలు ఎట్లా వస్తాయో నువ్వు రోజూ చూస్తానే ఉంటావు. ఆటో మాట్లాడుకునే పొండి. మీలో ఎవరికైనా ఇరవై ఒకటి నిండకుంటే ఈ కార్యక్రమం వాయిదా వేసుకోండి, ఆంధ్రలో వయసు పరిమితి అది.

ఏ రోజు పోవాలన్నది చాలామంది పట్టించుకోరు. మార్కులు వెయ్యడానికి మంగళ, బుధవారాలే మంచివి. ఆదివారం రాత్రి ఏ బార్ అయినా సంతలా ఉంటుంది, వంటమాస్టరు చేతిలో రుచి చూసే తీరిక ఉండదు. శనివారం మన దగ్గర ఇంకో ఇబ్బంది. స్వామివారి వారమని నీచు ముట్టనివాళ్ళు చాలామంది, మాలోనే ఇద్దరున్నారు. తమిళుల పెరటాసి నెలలోనైతే (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) చిత్తూరు వైపు మొత్తం నెలే వదిలేసేవాళ్ళుంటారు. ఆ నెలలో బార్లలో జనం పల్చగా ఉంటారు, మాంసం రోజూ రాదు, ఫ్రిజ్‌లో ఉన్నదే బయటికొస్తుంది. అప్పుడు వేసిన మార్కులు చెల్లవు. కార్తీకం వచ్చిందంటే అయ్యప్ప మాలలు. గ్యాంగులో ఒకరిద్దరు నల్లబట్టలు కట్టుకుంటారు, సంక్రాంతి దాకా వాళ్ళను పిలవొద్దు, ఆటపట్టించొద్దు. మే నెలలో గంగమ్మ జాతర వారం తిరుపతిలో ఊరే వేషం కట్టి తిరుగుతుంది, బార్‌లో కూర్చునే బదులు జాతర చూడు. గాంధీ జయంతికీ, పోలింగ్‌కు ముందు రోజుల్లోనూ మూసి ఉంటాయి, కాబట్టి ముందురోజు రష్షుకు కూడా పోవద్దు.

కొత్తవాడివి కాబట్టి కొండ సంగతి కూడా చెప్తా. తిరుమల మీద మద్యం, మాంసం, సిగరెట్ పూర్తిగా నిషేధం, అలిపిరి దగ్గర ప్రతి బండీ వెతుకుతారు. రాత్రి బార్‌లో మిగిలిన క్వార్టరు కారు డ్యాష్‌బోర్డులో పడేసి, తెల్లారి ఊరినుంచి అమ్మానాన్న వచ్చినారని అదే కారులో కొండకు బయల్దేరేవాళ్ళు ఉంటారు. అలిపిరిలో వెతికేవాళ్ళు అమ్మానాన్న ముందరే ఆ సీసా బయటికి తీస్తారు, తర్వాత నీ ఇష్టం. రైల్వే స్టేషన్ నుంచి బస్టాండు, లీలామహల్ మీదుగా అలిపిరి పోయే దారిలో మద్యం షాపులకు అనుమతి లేదు. ఆ దారిలో సీసా పట్టుకుని నడవడం, గుండుకొట్టించుకున్న భక్తులతో నువ్వు తాగి మాటలు పెట్టుకోవడం వద్దు. బెంగళూరునుంచి వచ్చే ఫ్రెండ్‌తో ‘అక్కడ చీప్ కదా, నాలుగు తే’ అని చెప్పొద్దు. పక్క రాష్ట్రం సరుకుతో చెక్‌పోస్టులో దొరికితే కేసు, కారు కూడా పోతుంది.

లిస్టు నెట్‌లో పెట్టాలనుకుంటే పెట్టు, కానీ పక్క టేబుల్‌వాళ్ళు ఫోటోలో పడకుండా చూడు. ఇవి చిన్న ఊర్లు. నీ ఫోటోలో గ్లాసెత్తి నవ్వుతా ఉండేది ఎవరి మామో, ఏ స్కూల్ సారో నీకు తెలీదు. ‘కల్తీ’ అనే మాట చేతిలో రుజువు లేకుండా రాయొద్దు. అనుమానముంటే సీసా, బిల్లు దాచి ఎక్సైజ్ స్టేషన్‌కు పో.

ఇంక తిరుపతా చిత్తూరా? చిత్తూరుతో మొదలుపెట్టండి. తిరుపతిలో బార్‌కొచ్చేవాళ్ళలో రేపు ఊరెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. వాళ్ళు మళ్ళీ రారని బార్‌వాడికి తెలుసు, ఆ లెక్కలోనే వండుతాడు. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు కొత్తగా వచ్చినవాటికి లైట్లు ఎక్కువ, స్టఫ్ తక్కువ. కొర్లగుంట, తిరుచానూరు రోడ్డు వైపు పాతవాటిలో ఇంకా కొన్ని గట్టివి ఉన్నాయి. చిత్తూరులో కూర్చునేవాళ్ళు కోర్టు గుమాస్తాలు, మామిడి వ్యాపారులు, బెల్లం మండీవాళ్ళు, లారీ ఓనర్లు. వారానికి మూడుసార్లు అదే కుర్చీలో కూర్చుంటారు. కబాబ్ ఒకరోజు చెడితే మాస్టర్ను పిలిచి నిలదీస్తారు. అందుకే నిలకడ ఎక్కువ, రేటు తక్కువ. తిరుపతి నుంచి డెబ్భై కిలోమీటర్లు, బస్సులకు కొదవలేదు. సాయంత్రం ఐదింటికి బస్సెక్కితే ఏడుకంతా దర్గా సర్కిల్‌లో ఉంటారు. తిరుగు బస్సు టైము మొదటి పెగ్గుకు ముందే కనుక్కోండి, తర్వాత ఎవరికీ గుర్తుండదు.